మిద్దె మీద బాత్రూం, కింద చివికిన దంతెలు: ఇల్లు పడగొట్టే ముందు

(నెల్లూరులో తాపీ మేస్త్రీలు, వడ్రంగులు, పాత ఇళ్ల యజమానులు కలిసిన ఒక సమావేశంలో ఒక వడ్రంగి మేస్త్రీ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముందుగా ఈ రెండు కర్రముక్కలు ముందు వరసలో ఇస్తున్నాను. చూసి వెనక్కి పంపించండి. రెండూ మిద్దెను మోసే ఒకే దంతెవి. మన ఊరి మూలాపేటలో ఒక పాత మిద్దె ఇంట్లోంచి కోసి తెచ్చాను. మొదటి ముక్క గోడలోకి దిగి ఉన్న కొస. బొటనవేలితో నొక్కితే పొడి రాలుతుంది. చిన్న చిన్న ఘనాలుగా చీలిపోయి, కాలిన బొగ్గులా కనిపిస్తుంది. రెండోది అదే దంతెలో మూడడుగులు ఇవతల కోసింది. దానికి ఒక పక్క చిత్రిక పట్టాను. ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. ఎనభై ఏళ్లు దాటిన టేకు, ఇప్పటికీ నూనె వాసన కొడుతోంది.

కర్ర ఒకటే. మూడడుగుల తేడా. ఆ మొదటి ముక్కను చూసి ఇల్లంతా పడగొట్టించిన వాళ్లు మన ఊళ్లో ఎంతోమంది ఉన్నారు. రెండో ముక్కను ఎవరూ చూడలేదు. అందుకే ఈ రోజు నేను ఇక్కడ నిలబడ్డాను.

ఇక్కడ కొత్త కుర్రవాళ్లు కూడా ఉన్నారు కాబట్టి మాటలు ఒకసారి సరిచూసుకుందాం. గోడ మీద నుంచి గోడ మీదకు వేసే పెద్ద కర్ర దూలం. దూలం మీద అడ్డంగా, అడుగు అడుగున్నర ఎడంతో పరిచే చిన్న కర్రలు దంతెలు. గది చిన్నదైతే దూలం ఉండదు, దంతెలే గోడ నుంచి గోడకు పోతాయి. మనం మద్రాసు మిద్దె అంటామే, అందులో ఈ దంతెల మీద సన్నటి మిద్దె ఇటుకలు నిలువుగా, ఐమూలగా పేర్చి గానుగ సున్నంతో కట్టుకుంటూ పోతారు. దాని మీద ఇటుక కంకర, సున్నం కలిపి మూడు నాలుగు అంగుళాల మందాన పోసి, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు చల్లుతూ రోజుల తరబడి కొడతారు. మీలో పెద్దవాళ్లు ఆ దిమ్మిస కొట్టడం చూసే ఉంటారు. ఆడవాళ్లు వరసగా కూర్చుని చెక్కలతో కొడుతూ పాడేవాళ్లు. ఆ పనిలో సిమెంటు లేదు, ఇనుము లేదు. కర్ర మోస్తుంది, సున్నం గాలి పీల్చి వదులుతుంది. తడిస్తే ఆరే దారి దానికి ఉంది.

ఇది మన కోస్తా వైపు మిద్దె. గిద్దలూరు, కంభం వైపు పోతే చవుడు మిద్దెలు, అంటే పైన చవుడు మట్టి పరిచిన మిద్దెలు కనిపిస్తాయి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడక ముందు ఆ తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి, ఇళ్ల కట్టుబడి కూడా ఆ పద్ధతే. చవుడు మిద్దె మీద బాత్రూం కట్టాలని ఎవరికీ తోచదు, అది మంచిదే. మనకు చిక్కు వచ్చింది మద్రాసు మిద్దెతోనే. చూడటానికి గట్టిగా, చదునుగా ఉంటుంది, దాని మీద ఏం కట్టినా ఆగుతుందనిపిస్తుంది.

ఆ ఇళ్లు కట్టినప్పుడు బాత్రూం పెరట్లో ఉండేది. బావి పక్కన నాలుగు బండలు, చుట్టూ గోడ. మిద్దె మీద నీళ్లంటే వానే, అది కూడా వాటానికి, అంటే వాలుకు జారి తూములోంచి పోతుంది. తర్వాత పిల్లలు పెద్దయ్యారు, పెళ్లిళ్లయ్యాయి. పైన ఒక గది, గదికి ఒక బాత్రూం అన్నారు. ఆ కోరికలో తప్పేమీ లేదు. కట్టిన పద్ధతిలోనే తప్పు.

ఆ మూలాపేట ఇంటి సంగతే చెబుతాను. పైన ఆరడుగులకు ఐదడుగుల బాత్రూం. పైపులు దాచడానికి ఆరంగుళాల ఎత్తున ఇటుక ముక్కలు నింపారు. ముప్పై చదరపు అడుగులకు అది పదిహేను ఘనపుటడుగులు, ఘనపుటడుగుకు యాభై కేజీలు వేసుకున్నా ఏడు వందల యాభై కేజీలు. దాని మీద అంగుళం మందం కడప బండలు, దాదాపు నూట తొంభై కేజీలు. మూలన రెండు వందల లీటర్ల డ్రమ్ము, నిండితే రెండు వందల కేజీలు. ఇక రెండు పక్కల నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ, ఏడడుగుల ఎత్తు. అదొక్కటే పదిహేను వందల కేజీలు. మొత్తం రెండున్నర టన్నులు దాటింది. ఇదంతా నాలుగు దంతెల మీద. ఒక్కో దానికీ ఆరేడు వందల కేజీలు. మనిషి ఇంకా లోపలికి అడుగే పెట్టలేదు.

పోల్చుకోవడానికి ఒక లెక్క చెబుతాను. ఇంట్లో మనం తిరిగే గదులకు మనుషులు, సామాను కలిపి చదరపు మీటరుకు రెండు వందల కేజీల చొప్పున బరువు లెక్కగట్టమని ఐఎస్ 875 అనే భారత ప్రమాణం చెబుతుంది. అంటే చదరపు అడుగుకు పద్దెనిమిది, పంతొమ్మిది కేజీలు. మనం నింపిన ఇటుక ముక్కలే చదరపు అడుగుకు పాతిక కేజీలున్నాయి.

అయినా ఆ దంతెలు ముప్పై ఏళ్లు మోశాయి. ఇది మర్చిపోకండి. బరువుకు ఆ కర్ర ఓడిపోలేదు. దాన్ని ఓడించింది నీరు.

ఆ ఇంట్లో కింద గదిలో ఒక పెద్దమ్మ ఉంటుంది. పిల్లలు బయట ఊళ్లలో ఉన్నారు. నన్ను పిలిచి పైకి చూపించి, “చూడు నాయనా, ఆ మచ్చ మూడేళ్ల నుంచీ ఉండాది. వానకు చెమ్మ అనుకున్నా. సున్నం వేయిస్తే పోతాదా?” అంది. మచ్చ మధ్యలో గోధుమ రంగు, అంచు పసుపు. గోడ దగ్గర సున్నం ఉబ్బింది. నేను అడిగిన మొదటి మాట, “అమ్మా, రోహిణి కార్తెలో కూడా ఆ మచ్చ తడిగా ఉండిందా?” అని. ఆమె కాసేపు ఆలోచించి, “ఎండాకాలంలోనే ఎక్కువ నాయనా, పిల్లలు సెలవులకు వస్తారు గదా” అంది.

జవాబు ఆమే చెప్పేసింది. మన దగ్గర వాన ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2015 నవంబరు, 2021 నవంబరు వానలు ఎవరూ మర్చిపోలేదు. పెన్నా పొంగిన ఆ రోజుల్లో గోడలన్నీ చెమ్మగిల్లాయి, నిజమే. కానీ మేలో తడిసే మచ్చ వాన మచ్చ కాదు. మనుషులు వచ్చినప్పుడు పెరిగి, వెళ్లాక తగ్గే మచ్చ బాత్రూం మచ్చ.

ఆమె మంచం సరిగ్గా ఆ మచ్చ కిందే ఉంది. పని సంగతి తర్వాత, ముందు మంచం జరిపించాను. మీరు కూడా అంతే చేయండి. ఇలాంటి గదిలోకి అడుగుపెట్టగానే అంచనా చెప్పకండి. కింద పడుకునే వాళ్లను పక్క గదిలోకి పంపండి, పైన నీళ్లు ఆపండి, డ్రమ్ము ఖాళీ చేయించండి, ఆ వైపు కరెంటు లైను తీయించండి. ఇది పది నిమిషాల పని.

ఇప్పుడు నీటి దారి. దీని మీద నేను కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే మనలో చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. నేనూ పడ్డాను. పాతికేళ్ల వయసులో ఒంగోల్లో ఒక ఇంట్లో మూడు దంతెలు మార్చాను. మంచి కర్ర వేశాను, బోల్టులు బాగా బిగించాను, ఇంటాయన మెచ్చుకున్నాడు. పైన నహానీ ట్రాపు, అంటే బాత్రూం నేల మీది నీళ్లు మురుగు పైపులోకి దిగే చోటు, దాని దగ్గర జాయింటు వదులుగా ఉందని చూడలేదు. అది ప్లంబరు పని, నాది కాదనుకున్నాను. మూడేళ్ల తర్వాత మళ్లీ పిలిచారు. నేను వేసిన కొత్త దంతెల కొసలు మెత్తబడి ఉన్నాయి. పక్కనున్న పాత దంతె మాత్రం నిలబడింది, అందులో చేవ, అంటే చెట్టు నడిమి గట్టి చెక్క ఎక్కువ. నేను వేసిన కర్రలో బెరడు పక్కనుండే తెల్ల చెక్క ఉంది. ఆ ఇంటాయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ మౌనం ఇప్పటికీ నాకు బాధగానే ఉంది. ఆ రోజు నుంచి నీరు ఎక్కడి నుంచి వస్తోందో తేలకుండా నేను రంపం పట్టలేదు.

నీరు మూడు దారుల్లో వస్తుంది. ఒకటి, మంచినీళ్ల పైపు. అది ఎప్పుడూ ఒత్తిడి మీద ఉంటుంది, అందుకని ఎవరూ స్నానం చేయకపోయినా రాత్రంతా కారుతూనే ఉంటుంది. రాత్రి పడుకునే ముందు కుళాయిలన్నీ కట్టి, ట్యాంకులో నీటి మట్టం దగ్గర గీత గీయండి. తెల్లారేసరికి గీత కిందికి దిగితే అదే. రెండు, మురుగు పైపు, ట్రాపు జాయింటు. స్నానం చేసిన వెంటనే కింద చుక్క పడుతుంది, కాసేపటికి ఆగిపోతుంది. మూడు, నేల. బండల సందుల్లోంచి, గోడా నేలా కలిసే మూలలోంచి నీరు ఇటుక ముక్కల్లోకి దిగి అక్కడే నిలబడి, నిదానంగా దంతె మీదకు వస్తుంది. ఇది స్నానమైన కొన్ని గంటలకు, ఒక్కోసారి మర్నాటికి కనిపిస్తుంది. అందుకే దీన్ని పట్టుకోవడం కష్టం.

మురుగా, నేలా అని తేల్చడానికి నేను బట్టలకు వేసే నీలం వాడతాను. బకెట్ నీళ్లలో బాగా కలిపి, నేల తడవకుండా గరాటు పెట్టి నేరుగా ట్రాపులో పోస్తాను. కింద నీలం చుక్క కనిపిస్తే జాయింటు. కనిపించకపోతే మర్నాడు ట్రాపు నోరు గుడ్డతో బిగించి, నేల మీద అంగుళం లోతు నీళ్లు నిలబెడతాను. దంతెలు బలహీనంగా ఉన్నాయనుకుంటే కింద ఊతాలు పెట్టాకే ఈ పరీక్ష. ముప్పై చదరపు అడుగుల్లో అంగుళం నీళ్లంటే డెబ్బై కేజీల బరువు.

మూలాపేట ఇంట్లో తేలింది రెండు దారులు. ట్రాపు జాయింటు కారుతోంది, నేలకు వాటం కూడా తలుపు వైపు ఉంది. నీళ్లు ట్రాపు దగ్గరికి పోకుండా గుమ్మం దగ్గర నిలబడుతున్నాయి. చీపురుతో తోస్తే తప్ప పోవు. అంతకు ముందు ఒక కాంట్రాక్టరు వచ్చి, మచ్చ కనపడకుండా కింద పీఓపీ సీలింగ్ కొట్టాలని చెప్పి అడ్వాన్సు కూడా తీసుకున్నాడు. దయచేసి ఆ పని ఎవరూ చేయకండి. మచ్చ ఇంటి వాళ్లతో మాట్లాడుతోంది. దాని నోరు మూస్తే దంతె విరిగే దాకా ఎవరికీ తెలియదు.

ఆ దంతెల్లో ఒకదాని మీద ఇంకో గాయం కూడా ఉంది. ట్రాపు దిగడానికి ప్లంబరు దంతె పై భాగంలో రెండంగుళాల లోతు గాడి కోశాడు. దంతె లోతు ఐదంగుళాలు. ఐదులో రెండు పోతే అరవై శాతం మిగిలిందని మనం అనుకుంటాం. కర్ర లెక్క అది కాదు. దంతె బలం దాని లోతు వర్గాన్ని బట్టి ఉంటుంది. ఐదుకు వర్గం ఇరవై ఐదు, మూడుకు తొమ్మిది. అంటే మిగిలింది మూడో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. వంగకుండా నిలిచే బిగువు ఘనాన్ని బట్టి ఉంటుంది, అది ఐదో వంతుకు పడిపోయింది. ప్లంబరు తమ్ముళ్లు ఇక్కడ ఉంటే ఒక మాట గుర్తుపెట్టుకోండి. పైపుకు దారి కావాలంటే దంతె లోతుకు సరిగ్గా నడిమి వరసలో గుండ్రటి కన్నం వేయండి, అది కూడా లోతులో మూడో వంతు మించకుండా. పై అంచు, కింది అంచు ముట్టుకోకండి. కింది అంచు లాగుడు మోస్తుంది, పై అంచు నొక్కుడు మోస్తుంది. నడుమ భాగానికి ఆ రెండూ తక్కువ.

ఇక పని. ముందు ఊతం. మనకు సరుగుడు బాదులకు కొదవ లేదు, సముద్రం పక్కనంతా అవే తోటలు. కింద నేల మీద మందపాటి పలక పరిచి, పైన దంతెలన్నిటికీ ఆనేలా అడ్డ కర్ర పెట్టి, బాదులు నిలబెట్టి, అడుగున చెక్క చీలలు కొట్టి బిగించండి. జాకీలు ఉంటే ఇంకా మంచిది. కానీ దంతె వంగిందని జాకీతో ఒక్కసారిగా లేపకండి. పైన ఉన్నది సున్నపు కట్టు. ముప్పై ఏళ్లు నిదానంగా వంగిన దాన్ని అరగంటలో లేపితే మిద్దె ఇటుకలు వదులైపోయి తల మీద పడతాయి. నేను సాధారణంగా లేపను, ఉన్నచోట పట్టి ఉంచుతాను. లేపి తీరాల్సి వస్తే రోజుకు ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, అంతకు మించి వద్దు.

ఊతం పడ్డాక పై నుంచి బరువు దింపాలి. బండలు, ఇటుక ముక్కలు, డ్రమ్ము, ఆ అడ్డగోడలు అన్నీ. మూలాపేటలో ఇటుక ముక్కలు తవ్వుతుంటే చేతికి బురద తగిలింది. బాత్రూం వాడటం ఆపి పన్నెండు రోజులయింది, లోపల ఇంకా నీరుంది. దంతెలు ఏళ్ల తరబడి ఆ తడిగుడ్డ కింద పడి ఉన్నాయి.

తర్వాత కర్రను పరీక్ష చేయడం. కంటితో చూసి చెప్పకండి. పైకి నల్లగా ఉన్నది లోపల గట్టిగా ఉండొచ్చు, పైకి రంగు వేసి నిగనిగలాడేది గుల్ల కావచ్చు. సుత్తి పిడితో కొడుతూ గోడ దాకా వెళ్లండి. మంచి కర్ర ఖంగుమంటుంది, చివికిన చోట మొద్దుగా పలుకుతుంది. అక్కడ ఆరతో, అంటే కన్నాలు పొడిచే సన్నటి మొన పనిముట్టుతో గానీ, సన్నటి స్క్రూడ్రైవరుతో గానీ పొడవండి. పావు అంగుళం కూడా దిగకుండా ఆగిపోతే కర్ర బతికి ఉన్నట్టే. అలా గోడ నుంచి ఇవతలికి అంగుళం అంగుళం పొడుచుకుంటూ రండి, గట్టి చెక్క తగిలిన చోట సుద్దతో గీత గీయండి. ఎక్కువ ఇళ్లలో ఆ గీత గోడ నుంచి అడుగున్నర, రెండడుగుల లోపే ఉంటుంది. ఎందుకని? కర్ర నీళ్లు తాగేది పక్కల నుంచి కంటే కొస నుంచే ఎక్కువ. చెట్టుగా ఉన్నప్పుడు వేరు నుంచి నీరు పైకెక్కిన గొట్టాలే ఇప్పుడు కొస దగ్గర తెరుచుకుని ఉన్నాయి. పైగా ఆ కొస గోడలో ఉంది, గాలి ఆడదు, ఎండ తగలదు. తర్వాత ఎవరో వచ్చి దాని చుట్టూ సిమెంటు కూడా మెత్తి ఉంటారు. సున్నం ఉన్నప్పుడు ఆ చెమ్మ గోడలోంచి బయటికి పోయేది, సిమెంటు ఆ దారి కూడా మూసింది.

చివకడం అంటే ఏమిటో కూడా చెప్పాలి. కర్ర నీటికి కరిగిపోదు. పడవలు నీళ్లలోనే ఉంటాయి గదా. కర్రను తినేది బూజు జాతికి చెందిన శిలీంధ్రం. దానికి నీరూ కావాలి, గాలీ కావాలి. కర్రలో తేమ ఇరవై శాతం లోపు ఉంటే అది పెరగలేదు. ముప్పై దగ్గరికి వచ్చి అక్కడే ఉండిపోతే పండగ చేసుకుంటుంది. కాబట్టి ఆరబెట్టిన కర్రలో చివుకుడు ఆగిపోతుంది. పోయిన భాగం తిరిగి రాదు, మిగిలింది మాత్రం అలాగే ఉంటుంది. కాలిన ఇంజన్ ఆయిల్ పూస్తే ఆగిపోతుందని కొందరు పూస్తారు. తడి కర్ర మీద నూనె పూస్తే లోపలి తడికి బయటికి వచ్చే దారి కూడా పోతుంది. అది వద్దు. బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన మందు వేరు. అది నీళ్లలో కరుగుతుంది, కర్రలో ఉన్న తేమ వెంట లోపలికి పోతుంది, చెదలకు కూడా పనికొస్తుంది. గట్టి చెక్కకు రెండు మూడు సార్లు అది పట్టించండి.

ఆరడానికి టైం ఇవ్వండి. ఇంటి వాళ్లు తొందరపెడతారు, ఆ టెన్షన్ నాకూ తెలుసు. మూలాపేటలో ఐదు వారాలు అలాగే తెరిచి ఉంచాను. ఈ పనికి మన దగ్గర మంచి కాలం ఫిబ్రవరి నుంచి మే దాకా. దసరా తర్వాత మొదలుపెడితే మీ కర్ర సంక్రాంతి దాకా ఆరదు. తేమ మీటరు ఇప్పుడు అందుబాటు ధరలోనే దొరుకుతోంది, ఒకటి కొనుక్కోండి. ఇరవై లోపు చూపించాకే కొత్త కర్ర చేర్చండి.

కొత్త కర్ర చేర్చడానికి పద్ధతులు రెండు. దంతె పొడవునా పక్కన ఇంకో దంతె పెట్టగలిగితే అదే మేలు. అదే లోతు, రెండు గోడల మీదా కనీసం నాలుగేసి అంగుళాలు ఆనాలి. పాతదానికి కొత్తదాన్ని ఒకటిన్నర అడుగుకు ఒకటి చొప్పున బోల్టుతో కట్టండి, ఒకటి పైకి ఒకటి కిందికి. అన్నీ ఒకే గీతలో వేస్తే కర్ర ఆ గీత వెంబడే చీలుతుంది. అంత పొడవు కర్ర గదిలో తిప్పలేనప్పుడు రెండో పద్ధతి. సుద్ద గీతకు ఇంకో అడుగు ఇవతల, మంచి చెక్కలో కోయండి. చివికిన కొస తీసేయండి. కొత్త ముక్కలు రెండు, పాత దంతెకు అటొకటి ఇటొకటి, గోడ నుంచి కోసిన చోటు దాటి మంచి కర్ర మీద కనీసం మూడడుగులు పోయేలా పెట్టి, పన్నెండు మిల్లీమీటర్ల బోల్టులు, పెద్ద వాషర్లు వేసి బిగించండి. నేను అతుకు మీద ఆరు బోల్టులకు తగ్గను. మేకులు కొట్టకండి, ఎండిన పాత టేకు మేకుకు చీలుతుంది. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి, అవి దొరక్కపోతే జీఐవి, అంటే జింకు పూత వేసిన ఇనుమువి. సముద్రపు గాలికి మామూలు ఇనుము ఎన్నాళ్లు ఉంటుందో ఇక్కడున్న వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

కర్ర ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. పడగొట్టిన ఇళ్ల సామాను అమ్మే చోట పాత టేకు దంతెలు దొరుకుతాయి. ఎన్నో ఏళ్లు ఆరిన కర్ర అది, ఇక మెలి తిరగదు. కొనేటప్పుడు పాత మేకులు తీయించండి, కొసలు పొడిచి చూడండి, చేవ ఉన్నదే తీసుకోండి. తాటి దూలం వాడే వాళ్లకు ఒక హెచ్చరిక. తాటి కర్రకు బలమంతా బయటి పెంకులో ఉంది, నడుమ మెత్తటి నార. దాన్ని టేకులా అటూ ఇటూ చెక్కి అతకకండి.

గోడలో కొస పెట్టే చోటు అన్నిటికంటే ముఖ్యం. కన్నం శుభ్రం చేసి, అడుగున చదునైన రాతి ముక్క పెట్టండి. రాతికీ కర్రకీ మధ్య తారు షీటు ముక్క పరవండి, గోడ చెమ్మ కర్రకు ఎక్కదు. పక్కల, వెనక అర అంగుళం ఖాళీ వదలండి. ఆ ఖాళీలో సిమెంటు మెత్తకండి. పని చూడటానికి వచ్చిన వాళ్లు “ఏంది మేస్త్రీ, కంత వదిలేశావు?” అంటారు. అది కర్ర ముక్కు అని చెప్పండి, ఊపిరి ఆడాలి.

ఇప్పుడు పైన బాత్రూం మళ్లీ కావాలా? మూలాపేట పెద్దమ్మ పిల్లలు కావాలన్నారు. సరే, తేలిగ్గా కట్టాం. ఇటుక ముక్కలు లేవు, అడ్డగోడలు ఇటుకతో కాదు, జీఐ ఫ్రేముకు సిమెంటు బోర్డు. డ్రమ్ము లేదు. మురుగు పైపు నేలలో దాచలేదు, బయటి గోడ మీదకు నేరుగా తీశాం. నేలకు అడుగుకు రెండు నూళ్ల వాటం, ట్రాపు వైపే. వాటర్ ప్రూఫింగ్ పొర గోడ మీదకు అడుగు దాకా, షవరు దగ్గర ఆరడుగుల దాకా ఎక్కించాం. మూలల్లో బట్ట పట్టీ పెట్టి రెండు పూతలు. టైల్స్ వేసే ముందు ట్రాపు మూసి అంగుళం నీళ్లు రెండు రోజులు నిలబెట్టాం. ఆ రెండు రాత్రులూ నేను కింద గదిలోనే పడుకున్నాను. పెద్దమ్మ అర్ధరాత్రి లేచి టార్చి వేసి చూసేది, “ఇంకా ఏం రాలేదు నాయనా, నువ్వు నిద్రపో” అని చెప్పేది.

అన్ని ఇళ్లూ ఇలా నిలబడతాయని నేను చెప్పడం లేదు. దూలమే పొడవునా చీలినా, దంతెల్లో సగం పైగా పోయినా, గోడే బయటికి వాలినా, చెదలు గోడ లోపలికి దిగినా, అది వడ్రంగి ఒక్కడు తేల్చే విషయం కాదు. స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి, ఆయన పడగొట్టమంటే పడగొట్టండి. ఆర్‌సీసీ స్లాబు మీద బాత్రూం ఉన్న వాళ్లు కూడా తేలిగ్గా తీసుకోకండి. అక్కడ కర్ర బదులు కడ్డీ పోతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి సిమెంటు పెచ్చులు రాలుస్తుంది. దానికి వైద్యం వేరు, నీటి దారి వెతకడం మాత్రం ఇదే.

ఇంతకు ముందు ఒక అన్న అడిగారు, ఖర్చు ఎంతవుతుందని. ఇంటికీ ఇంటికీ తేడా ఉంటుంది, అంకె చెప్పి మిమ్మల్ని తప్పుదారి పట్టించను. మూలాపేటలో మాకు పోయింది నాలుగు దంతెల్లో రెండు కొసలు, గాడి పడ్డ దంతె ఒకటి. రెండు కొసలూ అతికాం, గాడి పడ్డదానికి పక్కన పూర్తి పొడవున ఇంకో దంతె వేశాం. నాలుగోదాన్ని ముట్టుకోలేదు. మిగతా మిద్దె అంతా అలాగే ఉంది. పిల్లలు ఆ ఇల్లు అమ్మేద్దామనుకున్నారు, అపార్టుమెంటు కట్టే వాళ్లతో మాట్లాడారు కూడా. ఇప్పుడు ఆ మాట ఆగింది. ఎన్నాళ్లు ఆగుతుందో నా చేతిలో లేదు.

ఇంకో అక్కయ్య, ఇంట్లో వాళ్లే ఏం చూసుకోగలరని అడిగారు. ఏడాదికి రెండు సార్లు, సంక్రాంతి అయ్యాక ఒకసారి, మే నెలలో ఒకసారి, బాత్రూం కింద గదిలో లైటు ఆపి, టార్చిని గోడకు ఆనించి అడ్డంగా వేసి చూడండి. ఉబ్బు, పగులు, మచ్చ అంచు, అన్నీ నీడతో తెలిసిపోతాయి. మచ్చ కనిపిస్తే పెన్సిలుతో దాని చుట్టూ గీత గీసి తేదీ రాయండి. నెల తర్వాత మచ్చ గీత దాటితే పిలవండి. సీలింగ్ కొట్టించుకున్న ఇళ్లలో బాత్రూం కింద అడుగు చదరంలో తెరిచే మూత ఒకటి పెట్టించుకోండి.

ఆ కర్రముక్కలు వెనక వరస దాకా వెళ్లాయా? సరే, అక్కడే ఉంచండి.

సంతపేటలో ఇప్పుడు ఇంకో ఇల్లు తెరిచి ఉంది. దంతెలు ఆరుతున్నాయి, కొసలు కోయలేదు, సుద్ద గీతలు గీసి ఉంచాను. రేపు ఉదయం ఏడు నుంచి తొమ్మిది దాకా ఇంటి వాళ్లు చూడనిస్తామన్నారు. కుర్రవాళ్లు తప్పకుండా రండి, మీ ఆర మీరే తెచ్చుకోండి. నిచ్చెన ఒకటే ఉంది, ఒక్కొక్కరుగా ఎక్కి ఎవరి చేత్తో వాళ్లు పొడిచి చూద్దురు గానీ.